మంకీ క్యాప్, గొట్టం కాజా, ఆరు పాయింట్ ఒకటి

మే నెల, మూడో ఆదివారం, మధ్యాహ్నం. కెల్లీవిల్‌లో కిరణ్ వాళ్ల కొత్త ఇంటి గృహప్రవేశం.

హాజరైనవారు: కిరణ్ తండ్రి మూర్తిగారు, సోఫాలో వెల్లకిలా. ఆయన భార్య సుశీల, చక్కెర డబ్బాతో. సుశీల అన్నగారు ప్రసాదరావుగారు, రాజమండ్రి నుంచి విజిటర్ వీసా మీద ఈమధ్యే దిగినవారు, నెత్తిన మంకీ క్యాప్‌తో. కిరణ్, పట్టుపంచె ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని, అంబులెన్సుకి చెయ్యాలా వద్దా అని. కిరణ్ భార్య సౌమ్య, ఆరెంజ్ జ్యూస్‌తో. పురోహితులుగారు, పంచామృతంతో. ఇంకో పాతికమంది, తలా ఒక సలహాతో. నేను, సగం తిన్న పులిహోర ప్లేటుతో.

ఈ వివరాలన్నీ ఆ రాత్రి నా డైరీలో రాసుకున్నవే. కాకినాడలో నర్సింగ్ చదివే రోజుల్లో మొదలైన అలవాటు అది. నా పేరు సీతామహాలక్ష్మి. బ్లాక్‌టౌన్ వైపు ఒక క్లినిక్‌లో డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా చాలాకాలం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మన పిల్లలు కొందరు ఇదే పనిలోకి వస్తూ, "ఆంటీ, జాబ్ ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. ఎలా ఉంటుందో ఆ సోఫా చుట్టూ నిలబడి చూస్తే చాలు, కోర్సు అక్కర్లేదు. అయినా కొంచెం ముందు నుంచి చెబుతాను.

మాట్లాడే ఉద్యోగం

మందు రాసేది డాక్టరు. రక్తం తీసేది ల్యాబువాళ్లు. వంట చేసేది ఇంట్లోవాళ్లు. "మరి నువ్వేం చేస్తావే?" అని మా అత్తగారు అడిగారు.

"మాట్లాడతానండీ."

"దానికి జీతం కూడానా!" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు.

మొదట్లో నా బల్ల మీద రంగురంగుల పుస్తకాలు పెట్టారు. షుగరున్నవాళ్లు ఏం తినాలో బొమ్మలతో సహా ఉండేది. అవకాడో, చేప ముక్క, పచ్చి ఆకులు. ఒక పెద్దాయన చివరిదాకా తిరగేసి, మళ్లీ మొదటికొచ్చి, "సిస్టరుగారూ, ఉప్మా ఏ పేజీలో ఉందండీ?" అన్నారు. లేదన్నాను. "అయితే ఇది మా రోగం గురించి కాదు" అని పుస్తకం మర్యాదగా బల్ల మీద పెట్టేశారు. ఆయన అన్నది న్యాయం. ఆ రోజు నుంచి నేను ముందు వాళ్లింట్లో పొద్దున్న ఏం వండుతారో అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే నోరు విప్పేదాన్ని.

అయితే షుగరు ఎక్కువైందని నా దగ్గరికి కంగారుగా వచ్చినవాళ్లు తక్కువ. ఇక్కడి కొలతలో పదిహేనూ పదహారూ, అంటే మామూలుకి రెండింతలు పైనే, ఉన్నన్నాళ్లూ మనవాళ్లు హాయిగా ఉంటారు. పార్టీలకి వెళతారు, పేకాడతారు, నాకేం లేదంటారు. మందు పనిచేసి ఏడుకో ఎనిమిదికో దిగిందా, అప్పుడు మొదలవుతుంది. చేతులు వణుకు, చెమట, గుండె దడ, తల దిమ్ము. "మీ మందు పడలేదు సిస్టరుగారూ. మందు లేనప్పుడే బాగున్నాను" అంటారు.

క్వేకర్స్ హిల్‌లో ఒక వాకింగ్ బృందం ఉండేది. నలుగురు అంకుల్స్. నలుగురికీ అప్పుడప్పుడే షుగరు అదుపులోకి వస్తోంది. నలుగురి జేబుల్లోనూ అత్యవసరానికని ఒక్కో సున్నుండ. పార్కు చివర ఒక బెంచీ ఉంది. రోజూ సరిగ్గా అక్కడికి రాగానే నలుగురికీ ఒకేసారి షుగరు "లో" అయ్యేది. కూర్చుని నాలుగు సున్నుండలూ తిని, బతికి బయటపడినట్టు ఇంటికి వెళ్లేవాళ్లు. ఈ సంగతి నా పై అధికారి మార్జ్‌కి చెబితే, ఆవిడ చాలాసేపు ఆలోచించి, "డయాబెటిస్ ఆ బెంచీకి ఉన్నట్టుంది, లవ్" అంది.

మార్జ్

మార్జ్ పల్లెటూరి నర్సు. గొర్రెల ఫారాల మధ్య పెరిగిన మనిషి. ఎవరినైనా "లవ్" అనే పిలుస్తుంది, డాక్టర్లతో సహా. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ఆవిడ సూత్రం ఒక్కటే: ముందు వేలు, తర్వాత నోరు. వణుకు వస్తే ముందు వేలు గుచ్చి చూడు. నాలుగు కంటే తక్కువైతే అది నిజమైన "లో", మీనమేషాలు లెక్కపెట్టకు. గుప్పెడు జెల్లీ బీన్స్, అదే తియ్యటి బిళ్లలు, తిను, పావుగంట ఆగి మళ్లీ చూడు. చేతిలో మీటరు లేకపోతే జూదమాడకు, తినేయి. నాలుగు పైన ఉండి కూడా వణుకుతున్నావా? కూర్చో, మంచినీళ్లు తాగు, కాసేపాగి మళ్లీ చూడు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి అంకె దిగుతూ ఉండొచ్చు కాబట్టి ఆ రెండోసారి చూడటం మానకు. మాటిమాటికీ అలా అవుతుంటే డాక్టరుకి చెప్పు.

"అంకె బాగుంది కాబట్టి నీకేం లేదు అని మాత్రం ఎప్పుడూ అనకు లవ్" అనేది. "వణుకు నిజం. అంకె కూడా నిజం. రెండింటినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టడమే మన ఉద్యోగం."

మార్జ్ తర్వాత ఒక మేనేజరు వచ్చాడు. పేరెందుకులెండి. ఆయనకి గ్రాఫులంటే ప్రాణం. అందరి షుగరూ గబగబా దిగిపోవాలి, గీత జారుడుబల్లలా ఉండాలి. గీత అలాగే దిగింది. పేషెంట్లు కూడా జారుకున్నారు. ఏళ్ల తరబడి ఎక్కువలో ఉన్న ఒంటిని ఒక్కసారిగా కిందికి లాగితే అది గోల చేస్తుంది. గోల చేసే ఒళ్లున్న మనిషి మందు మానేస్తాడు. మెల్లగా దింపాలి. కొన్ని వారాలు ఓపిక పడితే ఒళ్లే సర్దుకుంటుంది. ఇది డాక్టర్లకి తెలియక కాదు, గ్రాఫుకి తెలియదు.

మూర్తిగారి మోకాలు

మూర్తిగారు నా ఆఖరి పేషెంట్లలో ఒకరు. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్క్యూట్ బోర్డు ముందు నిలబడినట్టే తన ఒంటి ముందూ నిలబడేవారు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ప్రభుత్వాసుపత్రిలో మార్పిడి ఆపరేషన్‌కి ఏడాది పైనే క్యూలో ఉన్నారు. షుగరు దిగితేనే కోస్తామన్నారు సర్జన్లు. ఆయన పట్టుబట్టి దింపారు. దింపుతున్నన్నాళ్లూ ఎనిమిది దగ్గర వణికారు, ఏడు దగ్గర చెమటలు పట్టారు, ఒకసారి నాకు ఫోను చేసి, "సిస్టరుగారూ, ఫ్యూజు పోయినట్టుగా ఉందండీ" అన్నారు. పోలేదని చెప్పాను. సుశీల పక్కనే కూర్చుని చేయి పట్టుకునేది. సర్దుకున్నారు.

ఆపరేషన్ ఆ సోమవారం ఉదయం. అంటే గృహప్రవేశం మర్నాడే. ఆసుపత్రి నర్సు ముందే చెప్పింది: పొద్దున్న వేలు గుచ్చినప్పుడు పది దాటితే ఇంటికి పంపేస్తాం, మళ్లీ క్యూలోకే.

ఇక్కడ ఇంకో సంగతుంది. కిరణ్ కట్టుకున్నది మేడ. అమ్మానాన్నలకి గది పైన పెట్టాడు, కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయని. మూర్తిగారు ఆ మెట్లు ఎక్కలేరు. కొడుకు ఇంట్లో తన గదిని ఆయన ఫోనులో వీడియోగా తప్ప చూడలేదు. ఆ రోజు అతిథులందరూ పైకి వెళ్లి, చూసి, "అంకుల్, మీ రూమ్ సూపర్" అని దిగి వస్తుంటే, ఆయన కింద సోఫాలో కూర్చుని నవ్వుతూ తలూపుతున్నారు.

మళ్లీ సోఫా దగ్గరికి

పూజ ఆలస్యమైంది. హోమం పొగకి స్మోక్ అలారం మోగకుండా కిరణ్ దానికి షవర్ క్యాప్ తొడిగి టేపు వేశాడు. అయినా మోగింది. నిచ్చెన తెచ్చి దాన్ని ఊరుకోబెట్టేసరికి భోజనాల వేళ దాటింది. పైగా మూర్తిగారికి రేపటి బెంగ. చేతులు వణికాయి. బుద్ధిగా, నేర్పినట్టే, వేలు గుచ్చుకున్నారు. ఆరు పాయింట్ ఒకటి. చక్కని అంకె. ఓ గ్లాసు మంచినీళ్లు తాగి, అన్నానికి లేస్తే సరిపోయేది.

కానీ మీటరు ప్రసాదరావుగారు చూశారు.

పిల్లలు ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఇండియాలో షుగరుని నూట పది, రెండు వందల యాభై అని చెబుతారు. ఇక్కడి కొలత వేరు. ఇక్కడి అంకెని పద్దెనిమిదితో గుణిస్తే అక్కడి అంకె వస్తుంది. ఈ ముక్క ప్రసాదరావుగారికి ఎవరూ చెప్పలేదు.

"ఆరు!" అని గావుకేక పెట్టారాయన. "ఒరే కిరణ్! మీ నాన్నకి ఆరురా! మా వీధిలో నలభై వస్తేనే మనిషిని ఆటోలో వేసుకుని పరిగెత్తారు. ఆరంటే ఇంకేం మిగిలిందిరా!"

"మావయ్యా, ఇట్స్ ఓకే, ఆరంటే ఇక్కడ..."

"ఏం ఓకే! సుశీలా, నేను తెచ్చిన కాజాలేవే?"

తాపేశ్వరం గొట్టం కాజాలు. ఎయిర్‌పోర్టులో అధికారికి ఒక్కొక్కటీ చూపించి, వివరించి, దాటించి తెచ్చినవి. ఆయన ఒకటి తీసి బావగారి నోట్లో పెట్టి నొక్కారు. గొట్టం కాజా నొక్కితే ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. పాకం మూర్తిగారి గడ్డం మీదుగా, లాల్చీ మీదుగా, తుడుచుకోబోయిన వేళ్ల మీదికి ప్రవహించింది.

"బావగారూ, నేను బాగానే..." అని నోరు తెరిచారు మూర్తిగారు. తెరిచిన నోట్లోకి రెండోది వెళ్లింది. సందు చూసి సౌమ్య జ్యూస్ పోసింది. సుశీల చెంచాడు చక్కెర వేసింది. పురోహితులుగారు పంచామృతం పోసి, "ఇది భగవత్ప్రసాదం, దీనికి షుగరు ఉండదు" అన్నారు.

నేను పాతికమందిని తోసుకుంటూ వస్తున్నాను. ఈలోగా కిరణ్, తండ్రి వేలు పట్టుకుని మళ్లీ గుచ్చాడు. మీటరు ఇరవై నాలుగు చూపించింది.

"ఓ మై గాడ్! ట్వెంటీ ఫోర్!" అని అరిచింది సౌమ్య. "స్టాప్! ఇంకేం పెట్టకండి! ఇట్స్ సూపర్ హై!"

"ఇరవై నాలుగేనా?" అన్నారు ప్రసాదరావుగారు, ఇంకా రాజమండ్రి లెక్కలోనే ఉండి. "పర్లేదు, పికప్ అవుతోంది. ఇంకో రెండు పెట్టండి!"

ఆ క్షణంలో ఆ హాల్లో రెండు పార్టీలున్నాయి. మూర్తిగారు షుగరు లేక పోతున్నారని ఒకటి, షుగరు ఎక్కువై పోతున్నారని ఒకటి. ఆయన పోవడం ఖాయమన్న విషయంలో మాత్రం రెండు పార్టీలకీ ఏకాభిప్రాయం.

"అందరూ చేతులు దించండి" అన్నాను, పాత వార్డు గొంతుతో. దించారు. పురోహితులుగారు కూడా. "మూర్తిగారూ, లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి."

మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి, కడుక్కుని, పావుగంటకి వచ్చారు. నేనే గుచ్చాను. పన్నెండు పాయింట్ ఎనిమిది.

ప్రసాదరావుగారు నా వైపు భక్తిగా చూసి, "చేతులు కడిగితే షుగరు సగానికి దిగుతుందాండీ? మా ఊళ్లో ఇంతమంది డాక్టర్లున్నారు, ఒక్కడూ చెప్పలేదు!" అన్నారు.

"దిగలేదండీ. ఇందాక మీటరు కొలిచింది ఆయన రక్తాన్ని కాదు, మీ కాజా పాకాన్ని."

మంకీ క్యాప్ పాఠం

ఆయనకి గుణకారం చెప్పాను. ఆరు పాయింట్ ఒకటంటే నూట పది. ఆయన వేళ్ల మీద లెక్కేసి, "నూట పదా! పెళ్లికొడుకు షుగరు కదండీ అది! మరి బావగారు వణికారెందుకు? నటనా?" అన్నారు.

"నటన కాదు బావగారూ!" అన్నారు మూర్తిగారు. ఎలక్ట్రికల్ ఇంజనీరు గౌరవానికి దెబ్బ తగిలింది.

"ప్రసాదరావుగారూ, మీరు ఆ టోపీ ఎందుకు పెట్టుకున్నారు?" అని అడిగాను.

"చలికండీ. చంపేస్తోంది."

"కిరణ్, బయట ఎంతుంది?"

"ట్వంటీ వన్, ఆంటీ. అందరూ షార్ట్స్‌లో ఉన్నారు."

"మీరు వచ్చేనాటికి రాజమండ్రిలో ఎంతండీ?"

"నలభై నాలుగు."

"అదేనండీ. ఇరవై ఒకటి చలి కాదు. కానీ మీ వణుకు అబద్ధమూ కాదు. మీ ఒళ్లు నలభై నాలుగుకి అలవాటుపడి ఉంది. బావగారి ఒళ్లు పదిహేనుకి అలవాటుపడి ఉండేది. ఆరుకి దింపితే దానికి చలేసినట్టుంటుంది. కొన్నాళ్లకి సర్దుకుంటుంది. ఆకలీ బెంగా తోడైతే మళ్లీ ఓ పూట గుర్తు చేస్తుంది. చలేసిందని మీరు ఇల్లు తగలబెట్టుకోరు కదా? మరి ఆయన కాజా తినడమెందుకు?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంతకంటే మంచి బొమ్మ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ప్రసాదరావుగారు టోపీ తీసి, దాన్ని తిప్పి తిప్పి చూశారు. తర్వాత సరదాగా వేలు చాపారు. "నాదీ చూడండి సిస్టరుగారూ. నాకసలు షుగర్ లేదు, ఎప్పుడూ చూపించుకోలేదు కూడానూ."

చేతులు కడుక్కోమని, కొత్త సూదితో చూశాను. పద్నాలుగు పాయింట్ రెండు.

ఆయన గుణించారు. మళ్లీ గుణించారు. కిరణ్ చేతిలోంచి ఫోను లాక్కుని అందులో కూడా గుణించారు. "రెండు వందల యాభై ఆరు" అని మెల్లగా చెప్పి, సోఫాలో బావగారి పక్కన కూర్చుండిపోయారు. "సుశీలా, నాకు కళ్లు తిరుగుతున్నాయే."

"తిరగవు అన్నయ్యా" అంది సుశీల, చక్కెర డబ్బాకి మూత బిగిస్తూ. "పొద్దున్న ఆ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగావు. అప్పుడు తిరగలేదు."

ఈ వారంలోనే ఇక్కడి డాక్టరుకి చూపించుకోవాలని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

నవ్వులన్నీ అయ్యాక మూర్తిగారు నన్ను దగ్గరికి పిలిచారు. ఆయన చూపు మెట్ల మీద ఉంది. "సిస్టరుగారూ, రేపు పది దాటుతుందంటారా?"

దాటదని నేను చెప్పలేదు. తెలియనిది చెప్పకూడదు. రిటైరైన మనిషిని కాబట్టి మందుల జోలికీ పోలేదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన నంబరుకి కిరణ్ చేత ఫోను చేయించాను. జరిగింది దాచకుండా చెప్పమన్నాను. కాజా అంటే ఏమిటో అవతలి నర్సుకి అర్థమయ్యేలా చెప్పడానికే సగం సమయం పట్టింది. రాత్రి ఇన్సులిన్ రాసిచ్చినంతే తీసుకోమంది, కంగారుపడి పెంచొద్దంది, మంచినీళ్లు తాగమంది, చెప్పిన వేళ తర్వాత ఏమీ తినొద్దంది. మూర్తిగారు తల వంచుకుని విన్నారు. కాజాల డబ్బాని సుశీల తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు ఉదయం

సుశీలకి తోడుగా నేనూ ఆసుపత్రికి వెళ్లాను. మూర్తిగారు వెనక ముడులున్న నీలం గౌనులో, మంచం మీద చేతులు గాల్లో పట్టుకుని కూర్చున్నారు. రెండుసార్లు కడుక్కున్నారట, మళ్లీ దేన్నీ ముట్టుకోరట. నర్సు వచ్చి వేలు గుచ్చింది. సుశీల కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు, అలవాటు లేదు.

ఎనిమిది పాయింట్ మూడు.

"లవ్లీ" అని రాసుకుని, ఆపరేషన్‌కి వరసలో ఉన్నారని చెప్పి నర్సు వెళ్లిపోయింది. సుశీల కళ్లు తుడుచుకుంది. మూర్తిగారు చేతులు దించి, "కొంచెం వణుకుగానే ఉందండీ" అన్నారు.

"ఉండనివ్వండి" అన్నాను.

అప్పుడు సుశీల ఫోను మోగింది. ఇంటి నుంచి ప్రసాదరావుగారు. స్పీకరు పెట్టింది.

"సుశీలా! రాత్రి ఏమీ తినలేదే భయమేసి. బావగారి పాత మీటరుతో ఇప్పుడే చూసుకున్నా. తొమ్మిది. గుణించాను, నూట అరవై రెండు. చేతులు వణుకుతున్నాయే! చెమటలు కూడానూ. డిక్కీ తాళం నువ్వు పట్టుకుపోయావు. అల్మారాలో ఒక్క కాజా దొరికింది. తినేదా?"

సుశీల నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపు మూర్తిగారు చేయి చాపి ఫోను అందుకున్నారు. ట్రాలీ తోసేవాళ్లు తలుపు దగ్గరికి వచ్చేశారు.

"బావగారూ, ముందు కూర్చోండి" అన్నారు, అచ్చం మార్జ్ నెమ్మదితో. "గ్లాసుడు మంచినీళ్లు తాగండి. తర్వాత సౌమ్యని అడిగి ఓ ఇడ్లీ తినండి. కాసేపాగి మళ్లీ చూసుకోండి. ఇంకా వణుకుగా ఉంటే టోపీ పెట్టుకోండి. ఆ కాజా మాత్రం కింద పెట్టండి."

అవతల నుంచి కాజాని ప్లేటులో పెట్టిన చప్పుడు వినిపించింది.